కడప డీటీపీ షాపులో లినక్స్: విండోస్ ప్రోగ్రాములు ఎంతదాకా నడుస్తాయి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత అవీ ఉండవు. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో అయ్యుండాలి. కడప ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల డీటీపీ, జిరాక్స్ షాపుల్లో నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న సీపీయూలు ఇప్పటికీ పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేస్తున్నాయి. వాటికి వచ్చిన రోగమేమీ లేదు. ఇంకో నాలుగైదేళ్లు లాగే యంత్రాన్ని తుక్కు కింద అమ్మేయాల్సిన అవసరం ఏముందన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

విండోస్ బదులు వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మాట అక్కడే వస్తుంది. లినక్స్ మింట్ లాంటిది డబ్బు పెట్టకుండా దొరుకుతుంది, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. కానీ షాపు నడిపేవాళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ మీద పెద్దగా ఆసక్తి ఉండదు. వాళ్లు అడిగేది వేరు: పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఓపెన్ అవుతుందా? తెలుగు టైపు చేసే అను పనిచేస్తుందా? లెక్కలు రాసే ట్యాలీ సంగతేంటి? వేలిముద్ర మిషను తీసుకుంటుందా? చాలా న్యాయమైన ప్రశ్నలు ఇవి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే వైన్ అనే ప్రోగ్రాము ఉంది కాబట్టి లినక్స్ అభిమానులు అన్నీ నడుస్తాయంటారు. ఒకసారి వేసి విసిగిపోయినవాళ్లు ఏదీ నడవదంటారు. రెండు జవాబులూ షాపువాళ్లకు నష్టమే చేస్తాయి. ఒక ప్రోగ్రాము నడిచేదీ లేనిదీ దాని పేరు చూసి చెప్పలేం. అది కంప్యూటర్‌లో ఏయే భాగాలను ముట్టుకుంటుందో చూడాలి. ఆ ఒక్క లెక్క పట్టుబడితే, ఏది నడుస్తుందో ఏది మొరాయిస్తుందో ఇన్‌స్టాల్ చేయకముందే చాలావరకు చెప్పవచ్చు.

వైన్ లోపల జరిగేది

విండోస్ ప్రోగ్రామూ లినక్స్ ప్రోగ్రామూ వేర్వేరు యంత్ర భాషల్లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒకే ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ కోసం తయారైనప్పుడు రెండిట్లోనూ ఉండేవి అవే ఆదేశాలు. తేడా రెండు చోట్ల వస్తుంది. మొదటిది ఫైలు కట్టుబడి: విండోస్ ఈఎక్స్‌ఈ ఫైలు పీఈ అనే పద్ధతిలో ఉంటుంది, లినక్స్‌ది ఈఎల్‌ఎఫ్ పద్ధతి. రెండోది, అసలైనది, తనంతట తాను చేయలేని పనికి ప్రోగ్రాము ఎవరిని పిలుస్తుందన్నది. తెర మీద విండో తెరవాలన్నా, ఫైలు చదవాలన్నా, ఫాంటుతో అక్షరం గీయాలన్నా విండోస్ ప్రోగ్రాము యూజర్32, కెర్నల్32, జీడీఐ32 అనే డీఎల్‌ఎల్ ఫైళ్లను (ప్రోగ్రాములన్నీ పంచుకునే విండోస్ పనిముట్లను) అడుగుతుంది. లినక్స్‌లో ఆ పేర్లకు పలికే దిక్కు ఉండదు.

వైన్ ఆ లోటును పూడుస్తుంది. పీఈ ఫైలును మెమరీలోకి ఎక్కించి, అది అడిగే డీఎల్‌ఎల్‌ల బదులు తాను రాసుకున్న డీఎల్‌ఎల్‌లను దానికి అందిస్తుంది. పేజ్‌మేకర్ ఒక ఫైలు తెరవమని కెర్నల్32ను అడిగినప్పుడు, పలికేది మైక్రోసాఫ్ట్ కెర్నల్32 కాదు. అదే పేరుతో, అదే తీరుగా జవాబిచ్చేలా వైన్ వాళ్లు మొదటి నుంచీ రాసుకున్నది. అది ఆ కోరికను లినక్స్‌కు తెలిసిన పిలుపుగా మార్చి పంపుతుంది. ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. ఆ సర్దుబాటు కూడా వైన్ చూసుకుంటుంది. విండోస్‌లో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చూసుకునే కొన్ని పనులను, అంటే ప్రోగ్రాముల మధ్య సందేశాలు, ఒకరి వస్తువును ఇంకొకరు పాడుచేయకుండా కాపలా లాంటివాటిని, వైన్‌సర్వర్ అనే మరో ప్రోగ్రాము వెనకాల ఉండి నడిపిస్తుంది.

ఇందులో ప్రాసెసర్‌ను అనుకరించడం ఎక్కడా లేదు. ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి పాత యంత్రంలో కూడా వేగం పెద్దగా పోదు. సీ డ్రైవ్ అని ప్రోగ్రాముకు కనిపించేది హోమ్ ఫోల్డర్‌లో ఉండే ఒక మామూలు ఫోల్డర్. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ అని కనిపించేది రెండు మూడు టెక్స్ట్ ఫైళ్లు. ఈ మొత్తం అమరికను ప్రిఫిక్స్ అంటారు. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ప్రిఫిక్స్ పెట్టుకోవచ్చు, బాగా కుదిరిన దాన్ని ఇంకో డిస్కులోకి కాపీ చేసి దాచుకోవచ్చు. ప్రోగ్రాము చెడిపోతే విండోస్ మళ్లీ వేసుకునే బాధ ఉండదు, కాపీ చేసిన ఫోల్డర్‌ను వెనక్కి తెచ్చి పెడితే చాలు. డీటీపీ షాపుకు ఇది చాలా పెద్ద సౌకర్యమని చెప్పాలి.

ఇంకో విషయం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 1990లలోని 16 బిట్ల ప్రోగ్రాములు, 16 బిట్ల ఇన్‌స్టాలర్లు 64 బిట్ల విండోస్‌లో అసలు నడవవు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు కాబట్టి అక్కడ ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. వైన్‌లో 32 బిట్ల ప్రిఫిక్స్ పెట్టుకుంటే అలాంటివి చాలా నడుస్తాయి. అంటే మరీ పాత ప్రోగ్రాములకు కొత్త విండోస్ కంటే లినక్స్ దగ్గరే ఎక్కువ మర్యాద దక్కుతోంది.

ఈ పని 1993లో బాబ్ ఆమ్‌స్టాడ్, ఎరిక్ యంగ్‌డేల్ మొదలుపెట్టారు. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్ నడిపిస్తున్నారు. 1.0 వెర్షన్ రావడానికి 2008 జూన్ దాకా, పదిహేనేళ్లు పట్టింది. మైక్రోసాఫ్ట్ సోర్స్ కోడ్ చూసినవాళ్లను ఆ పనిలో చేర్చుకోరు. బయట దొరికే సమాచారం చదివి, విండోస్ ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించి రాసిందే అంతా. తర్వాత ఆటల కంపెనీ వాల్వ్ రంగంలోకి దిగింది. 2018 ఆగస్టులో వైన్ ఆధారంగా, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చింది, 2022 ఫిబ్రవరిలో లినక్స్ మీద నడిచే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం అమ్మకానికి పెట్టింది. ఆ డబ్బు, ఆ శ్రమ ఆటల కోసమే అయినా వైన్ పునాది మొత్తం గట్టిపడింది. 2024 జనవరిలో వచ్చిన వైన్ 9.0 నుంచి, లినక్స్‌లో 32 బిట్ల లైబ్రరీలు వేయకుండానే 32 బిట్ల విండోస్ ప్రోగ్రాములు నడిపే పద్ధతి వాడుకకు వచ్చింది. పేజ్‌మేకర్, ఫొటోషాప్ 7 రెండూ 32 బిట్లవే కాబట్టి ఇది షాపులకూ పనికొచ్చే మార్పే.

ఒక పెళ్లి పత్రిక ఫైలు

రాయలసీమలో పెళ్లి పత్రిక అంటే ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్, అను. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అదే ఆఖరు. అడోబీ దాన్ని వదిలేసి రెండు దశాబ్దాలు దాటింది. అయినా షాపులవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం పేజ్‌మేకర్ మీద ప్రేమ కాదు. ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు, చేతికి అలవాటైన కీబోర్డు, ఎంచి పెట్టుకున్న తెలుగు ఫాంట్లు. మాఘమాసంలో, శ్రావణంలో వరసగా ముహూర్తాలు పడినప్పుడు పాత పత్రిక తీసి పేర్లు మార్చి గంటలో ప్రూఫ్ ఇవ్వాలి. అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.

పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. దానికి తెలిసింది 256 గడులున్న ఇంగ్లీషు అక్షరాల పట్టిక మాత్రమే. అను లాంటి ప్యాకేజీలు తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, తలకట్టు ఒక గడిలో, వత్తు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో కూర్చోబెట్టాయి. కీబోర్డుకూ పేజ్‌మేకర్‌కూ మధ్య అను స్క్రిప్ట్ మేనేజర్ కూర్చుంటుంది. ఆపరేటర్ మీట నొక్కగానే దాన్ని పట్టుకుని, ఏయే ముక్కలు ఏ వరసలో రావాలో లెక్క కట్టి పేజ్‌మేకర్‌కు పంపుతుంది. పేజ్‌మేకర్ దృష్టిలో అవి ఏదో వింత ఫాంటులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు. ఫాంటు మార్చి చూస్తే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల గుర్తులు కలగలిసి కనిపిస్తాయి.

ఇప్పుడు ఇదే ఫైలును వైన్‌లో తెరిస్తే రెండు సగాలు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. చూపించే సగం దాదాపుగా ఇబ్బంది పెట్టదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతిలో "లక్ష్మి" అని చూపించాలంటే క, ష, మ, పొల్లులు, గుడి అన్నిటినీ కలిపి ఆకారం కట్టే యంత్రాంగం కావాలి. అను పద్ధతిలో ఆకారం ముందే ముక్కలుగా కట్టి ఉంది కాబట్టి వైన్ చేయాల్సిందల్లా ఒకదాని పక్కన ఒకటి గీయడమే. ఆ పని దానికి బాగా వచ్చు. ఒక్క జాగ్రత్త కావాలి: లినక్స్ భాషను తెలుగుగా పెట్టుకుంటే వైన్ కూడా తెలుగు విండోస్‌లా ప్రవర్తించాలని చూస్తుంది. విండోస్‌లో తెలుగుకు పాతకాలపు 8 బిట్ల కోడ్ పేజీ (అక్షరాల గడుల పట్టిక) లేదు కాబట్టి గడుల లెక్క తప్పుతుంది. పేజ్‌మేకర్ నడిపే ప్రిఫిక్స్‌ను మాత్రం అమెరికన్ ఇంగ్లీషు అమరికతో మొదలుపెట్టాలి. "అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి" అనే ఫిర్యాదు వినబడితే మొదట చూడాల్సిన చోట్లలో ఇదొకటి.

టైపు చేసే సగం దగ్గర అసలు గీత కనిపిస్తుంది. మీటలను మధ్యలో పట్టుకోవడాన్ని విండోస్‌లో హుక్ అంటారు. వైన్ కూడా హుక్‌లకు చోటిచ్చింది, కానీ వైన్ విండోల వరకే. అను, పేజ్‌మేకర్ రెండూ ఒకే ప్రిఫిక్స్‌లో ఉంటే అనుకు మీటలు అందే అవకాశం ఉంది. అదే అనుతో లినక్స్‌లోని లిబ్రెఆఫీస్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో టైపు చేద్దామంటే కుదరదు. అక్కడ నొక్కిన మీట వైన్ ఇంట్లోకే రాదు. వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతిలో అయితే ఒక ప్రోగ్రాము మీటలను ఇంకో ప్రోగ్రాము చూడకుండా ఉండాలన్నది భద్రతా నియమమే. విండోస్‌లో ఒక్క అనుతో పేజ్‌మేకర్, వర్డ్, కోరెల్‌డ్రా అన్నిట్లోనూ టైపు చేసిన ఆపరేటర్‌కు ఇక్కడ అలవాటు తెగిపోతుంది. ముందే చెప్పకపోతే మొదటి రోజే విసుగొస్తుంది.

ప్రింటు సంగతి మూడోది. పేజ్‌మేకర్ పేజీని ప్రింటర్‌తో ముడిపెట్టి చూస్తుంది, ప్రింటర్ లేకపోతే మొరాయిస్తుంది. వైన్ లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ వ్యవస్థ నుంచి ప్రింటర్ల జాబితా తీసుకుని, ప్రతిదాన్నీ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌గా ప్రోగ్రాముకు చూపిస్తుంది. కాబట్టి పేజ్‌మేకర్ వేయడానికి ముందే లినక్స్‌లో ప్రింటర్, కనీసం పీడీఎఫ్ ప్రింటర్, కూర్చోబెట్టి ఉండాలి. తర్వాత ఒక పాత పత్రికను విండోస్‌లో తీసిన ప్రింటు పక్కన పెట్టి చూడాలి. ఆహ్వానించే బంధువుల పేర్ల వరసలో లైను విరిగే చోటు ఒక్క వెంట్రుకవాసి మారినా చివరి పేరు కింది లైనుకు జారుతుంది, పత్రిక మొత్తం కదులుతుంది. ఫాంటు ఫైలు ఒకటే అయినా కొలతల గుండ్రింపులో తేడా రావచ్చు. తెర మీద బాగుందని ఆగకుండా కాగితం మీద చూడాల్సింది ఇందుకే.

కడపలో ఉర్దూ పత్రికలూ ఎక్కువే. అక్కడ పేజ్‌మేకర్ స్థానంలో ఇన్‌పేజ్ ఉంటుంది. అది కూడా పాత వెర్షన్లలో తన సొంత సంకేతాలతో నడిచేదే, చిక్కు కూడా ఇలాంటిదే.

పరికరం తగిలిన చోట

వైన్ పనంతా కెర్నల్‌కు ఇవతలి వైపే. పరికరాల డ్రైవర్లు కెర్నల్ లోపల నడుస్తాయి. విండోస్ కోసం రాసిన డ్రైవర్‌ను లినక్స్ కెర్నల్‌లోకి ఎక్కించడం వైన్ వల్ల అయ్యే పని కాదు. ప్రోగ్రాము పరికరాన్ని లినక్స్‌కు తెలిసిన మామూలు దారిలో అడిగితే పని జరుగుతుంది, తన సొంత డ్రైవర్ ద్వారానే అడుగుతానంటే ఆగిపోతుంది.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు మంచి ఉదాహరణ. బిల్లింగ్ ప్రోగ్రాముకు ఎలక్ట్రానిక్ కాటా కలిపి ఉన్నచోట, తూకం సీరియల్ పోర్టు గుండా వస్తుంది. సీరియల్ పోర్టు దశాబ్దాల నాటి ప్రమాణం. ప్రోగ్రాము కామ్1 అని అడిగితే వైన్ దాన్ని లినక్స్‌లోని సీరియల్ పోర్టుకు కలుపుతుంది, యూఎస్‌బీ మార్పిడి తీగ అయితే దాని పేరుకు కలుపుకోవచ్చు. వాడేవారి ఖాతాను డయల్‌అవుట్ అనే గుంపులో చేర్చాలి, లేకపోతే అనుమతి లేదంటుంది. ఇదొక్కటి సరిచేస్తే తూకం అంకెలు బిల్లులోకి వచ్చి పడటానికి అడ్డంకి ఉండదు.

అదే వేలిముద్ర మిషను దగ్గరికొస్తే కథ మారుతుంది. ఆధార్ ధ్రువీకరణకు రిజిస్టర్డ్ పరికరమే వాడాలి. దానికి తోడుగా ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాము కంప్యూటర్‌లో నడుస్తూ, బ్రౌజర్ అడిగినప్పుడు 11100 నుంచి 11120 లోపు ఉన్న ఒక పోర్టులో జవాబిస్తుంది. ముద్రను గుప్తీకరించి సంతకం చేసి పంపే బాధ్యత దానిది. ఆ భద్రతా గొలుసులో డ్రైవర్ కూడా ఒక లంకె. మధ్యలో వైన్ దూరితే గొలుసు నిలవదు. తయారీదారు లినక్స్ కోసం ప్రత్యేకంగా ఆర్‌డీ సర్వీస్ ఇస్తే తప్ప అక్కడ వైన్‌తో కుస్తీ పట్టడం దండగ. ఆన్‌లైన్ సేవలు, బ్యాంకు మిత్ర పనులు చేసే కౌంటర్లు ఈ ఒక్క కారణంతోనే విండోస్ మీదో ఆండ్రాయిడ్ మీదో ఉండిపోవాల్సి వస్తుంది. డిజిటల్ సంతకాల యూఎస్‌బీ టోకెన్లలో మాత్రం కొన్నిటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి. ఈపాస్ 2003 లాంటివాటిని లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌సీ అనే సాఫ్ట్‌వేర్ నేరుగా గుర్తిస్తుంది.

ప్రింటర్లలో షాపులవాళ్లను ఎక్కువగా ఏడిపించేది కానన్ ఎల్‌బీపీ 2900. పేజీని గీసే పని కంప్యూటర్‌కే వదిలేసి, సీఏపీటీ అనే సొంత భాషలో మాట్లాడే ప్రింటర్ అది. దానికి కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతది, కొత్త లినక్స్‌లలో కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కు హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్ల ప్యాకేజీ ఉంది, కానీ మొదటిసారి ప్లగిన్ దించుకోమంటుంది. ఇంటర్నెట్ లేని చోట అక్కడే ఆగిపోతారు. ఎప్సన్ ఎల్ వరస ఇంకుట్యాంకు ప్రింటర్లకు చాలావరకు చిక్కు లేదు. మంచి సంగతి ఏమిటంటే, లినక్స్‌లో ప్రింటర్ ఒకసారి కుదిరితే వైన్‌లోని ప్రోగ్రాములన్నిటికీ అదే పనిచేస్తుంది.

లెక్కల పుస్తకం

ట్యాలీని తయారీదారులు విండోస్ కోసమే ఇస్తున్నారు. వైన్‌లో నడిపించుకునేవాళ్లు ఉన్నారు, కానీ లైసెన్సు, అప్‌డేటు, జీఎస్‌టీ అనుసంధానం అన్నీ ఒకేసారి సవ్యంగా ఉండాలి. ప్రతి నెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వేసే వ్యాపారికి ఆ తేదీల ముందు రోజు ప్రోగ్రాము తెరుచుకోకపోతే వచ్చే టెన్షన్ మామూలుది కాదు. పైగా సహాయానికి ఫోన్ చేస్తే లినక్స్ అనగానే వాళ్లు చేతులెత్తేస్తారు. ట్యాలీ ఒక్క విండోస్ యంత్రంలో ఉంచి, మిగతా లినక్స్ యంత్రాల నుంచి రెమ్మినా లాంటి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడుకోవడం సురక్షితం. దానికి తగిన లైసెన్సు, రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే విండోస్ ప్రో ఎడిషన్ ఉండాలన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఆదాయపన్ను ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోల మీద ఆధారపడతాయి, లిబ్రెఆఫీస్‌లో వాటిని నమ్ముకోకూడదు. పోర్టల్‌లో నేరుగా నింపే ఫారాలు బ్రౌజర్‌లో నడుస్తాయి కాబట్టి అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డు రాదు. డాస్ కాలంలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న మండీ లెక్కలు ఇంకా వాడేవాళ్లుంటే వాళ్లకు వైన్ కంటే డాస్‌బాక్స్-ఎక్స్, డాస్‌ఎము2 లాంటివి సరైన దారి.

వైన్‌తో కానిది వర్చువల్ మెషిన్‌తో అవుతుంది. లినక్స్ కెర్నల్‌లో 2007 నుంచి కేవీఎం ఉంది, దాని మీద నడిచే వర్ట్-మేనేజర్ ఉంది, వర్చువల్‌బాక్స్ కూడా ఉంది. ఇందులో అసలు విండోస్‌నే ఒక కిటికీలో నడిపిస్తారు కాబట్టి డ్రైవర్లతో సహా అన్నీ దాని లోపలే ఉంటాయి, యూఎస్‌బీ పరికరాన్ని లోపలికి అప్పగించవచ్చు. దానికి తగ్గ ఖర్చూ ఉంది: విండోస్ లైసెన్సు కావాలి, 8 జీబీ ర్యామ్ లేకపోతే రెండూ నత్తనడక నడుస్తాయి, లోపలి విండోస్‌కు మద్దతు ముగిసిందన్న నిజం మారదు. అయితే పేజ్‌మేకర్, అను లాంటివాటికి ఇంటర్నెట్‌తో పనే లేదు. లైసెన్సున్న పాత 32 బిట్ల విండోస్ 7ను నెట్‌వర్క్ పూర్తిగా తీసేసిన వర్చువల్ మెషిన్‌లో పెడితే అది బయటి ప్రపంచానికి కనబడదు, లోపల అంతా అలవాటైనట్టే ఉంటుంది. అను వైన్‌లో మొండికేసినప్పుడు రోజుల తరబడి సరిచేసుకుంటూ కూర్చోవడం కంటే ఈ దారి మేలు.

ఫైళ్ల లోపల ఉన్న తెలుగు

ఇంతవరకు చెప్పుకున్నది ప్రోగ్రామును ఎలా నడపాలన్నది. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఆ ప్రోగ్రాము లోపల చిక్కుకున్న తెలుగు. షాపును విండోస్‌కు కట్టేసింది పేజ్‌మేకర్ అని పైకి కనిపిస్తుంది. నిజానికి కట్టేసింది ఫైళ్లు. రెండు మూడు దశాబ్దాలుగా ఇక్కడ అచ్చయిన స్థల చరిత్రలు, కవుల సంపుటాలు, అష్టావధానాల సంచికలు, బడుల వార్షికోత్సవ సావనీర్లు చాలావరకు అను సంకేతాల్లో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉండిపోయాయి. వాటిలో ఒక ఊరి పేరు వెతికితే దొరకదు. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చదవడానికి రాదు. ఆ సీపీయూ మూలపడితే లోపలి పుస్తకమూ మూలపడుతుంది.

కడపకు ఇలాంటి పని కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాల్లో ఉన్న కావ్యాలను కాగితం మీదికి రాయించారు, పాఠాలు సరిచూయించారు. ఆ చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. ఆకు శిథిలమయ్యేలోపు పాఠాన్ని బయటికి తీయాలన్న తొందర అప్పుడు ఎంత ఉందో, పేజ్‌మేకర్ ఓపెన్ అయ్యే యంత్రం చివరిది పోయేలోపు పాఠాన్ని యూనికోడ్‌లోకి తేవాలన్న తొందర ఇప్పుడు అంత ఉండాలి. వైన్‌ను ఇందుకు వాడుకోవడమే దాని అత్యుత్తమ ప్రయోజనం అనిపిస్తుంది.

పని జరిగే తీరు కష్టమైనదేం కాదు. వైన్‌లో పేజ్‌మేకర్ తెరిచి, వ్యాసం మొత్తాన్ని టెక్స్ట్‌గా ఎగుమతి చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయాలి. పేజ్‌మేకరే లేకపోతే లిబ్రెఆఫీస్ డ్రా ఉంది. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలుగుతోంది. పేజీ అమరిక అచ్చంగా రాకపోయినా లోపలి పాఠం చేతికి దొరికే అవకాశం ఉంది. కన్వర్టర్ చేసిన దాన్ని కళ్లతో చదవాల్సిందే. వత్తుల మీద వత్తులు వచ్చే చోట్ల, అరసున్నలు, విసర్గలు ఉన్న పద్యాల్లో తప్పులు దొర్లుతాయి. ఫాంటు వెర్షన్ మారితే గడుల లెక్క కూడా మారవచ్చు కాబట్టి, ఏ అను వెర్షన్‌లో చేసిన ఫైలో ముందే రాసి పెట్టుకోవాలి.

కొత్తగా చేసే పని మాత్రం మొదటి నుంచే యూనికోడ్‌లో చేయడం మంచిది. దానికి లినక్స్‌లో ఇప్పుడు సరుకు ఉంది. 2024 జనవరిలో వచ్చిన, పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 తెలుగు గుణింతాలను, వత్తులను కలిపి సరిగ్గా చూపిస్తుంది, పాత 1.4 వరసకు అది చేతకాకపోయేది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లోనూ తెలుగు చక్కగా వస్తుంది. సురవరం, రామభద్ర, మల్లన్న, మండలి, పెద్దన, తిమ్మన లాంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, పత్రిక శీర్షికలకు పనికొచ్చే అందం వాటిలో ఉంది. చేతి అలవాటు సంగతికొస్తే, లినక్స్‌లో టైపింగు భాషలు చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్, పోతన అమరికలతోపాటు యాపిల్ అమరిక కూడా ఉంది. డీటీపీ ఆపరేటర్లలో యాపిల్ కీబోర్డు నేర్చుకున్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క విషయం తెలిస్తే సగం భయం పోతుంది. కొన్ని మీటలు తేడాగా ఉంటే వారం రోజుల్లో చేతికి వస్తాయి. ఫ్లెక్సీలు, పెద్ద బ్యానర్లు చేసేవాళ్లకు మాత్రం ఈ సలహా వర్తించదు. కోరెల్‌డ్రా ఫైళ్లను ఇంక్‌స్కేప్ తెరిచినా కొన్ని ఎఫెక్టులు పోతాయి, ప్రింటింగ్ యూనిట్లు అడిగేదీ కోరెల్ ఫైలే. కొత్త ఫొటోషాప్ వైన్‌లో నమ్మకంగా నడవదు. వాళ్లు విండోస్‌లో ఉండటమే సబబు.

భద్రత గురించి ఒక హెచ్చరిక అవసరం. లినక్స్‌లో వైరస్ రాదన్న ధీమాతో పెన్ డ్రైవ్‌లోని ప్రతి ఈఎక్స్‌ఈని వైన్‌తో తెరవకూడదు. వైన్ మామూలుగా లినక్స్ ఫైళ్లన్నిటినీ జెడ్ డ్రైవ్‌గా ప్రోగ్రాముకు చూపిస్తుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వైన్‌లో నడిస్తే హోమ్ ఫోల్డర్‌లోని పత్రికలన్నిటినీ అది ముట్టుకోగలదు. జెడ్ డ్రైవ్ తీసేసి, పని ఫోల్డర్ ఒక్కదాన్నే చూపించేలా వైన్ సెట్టింగుల్లో మార్చుకుంటే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎవరో ఇచ్చిన సీడీలోని క్రాక్ చేసిన కాపీలు వైన్‌లో ఎక్కువగా మొండికేసేవీ, ఎక్కువగా వైరస్ మోసుకొచ్చేవీ కూడా. ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితమైనా అందులో నడిపే పేజ్‌మేకర్, అను, ట్యాలీలకు లైసెన్సు కావాల్సిందే.

మారాలనుకునేవాళ్లు ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండా, లినక్స్ మింట్‌ను పెన్ డ్రైవ్ నుంచి నడిపి మొదట ప్రింటర్, స్కానర్ చూసుకోవాలి. ప్రింటర్ దగ్గరే ఆగిపోతే మిగతాది చూడనక్కర్లేదు. అది కుదిరితే వేరే డిస్కులో ఇన్‌స్టాల్ చేసి, వైన్‌లో పేజ్‌మేకర్, అను ఒకే ప్రిఫిక్స్‌లో వేసి, బాగా క్లిష్టమైన పాత పత్రికను ప్రింటు తీసి పోల్చాలి. ఇది సీజన్‌లో చేసే పని కాదు, మూఢంలో షాపు ఖాళీగా ఉన్నప్పుడు చేయాల్సింది. మూడు నాలుగు యంత్రాలున్న షాపులో ఆధార్ వేలిముద్ర, ట్యాలీ ఉండే ఒక్క యంత్రానికి విండోస్ 11 తీసుకునే కొత్త సీపీయూ కొని, టైపింగు, పత్రికలు, స్కానింగు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే మిగతా వాటిని లినక్స్‌కు మార్చుకోవడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే ఏర్పాటు. వాటికి అవసరమయ్యేది ఒక్కో ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్.